రిపోర్ట్ నా ఫోన్‌కే వస్తుంది, ముందు నేనొక్కడినే చూడాలా?

మూసాపేట్_వాసి
మంగళవారం, రాత్రి 1:40

అందరికీ నమస్కారం. చాలా నెలలుగా ఇక్కడ మీరు రాసుకునేవి చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదలు. నిద్ర పట్టక రాస్తున్నాను, పొడుగైతే క్షమించండి.

మా ఆవిడకి 43 ఏళ్ళు. ఎడమ రొమ్ములో గడ్డ తగిలితే ముక్క పరీక్ష చేయించాం, క్యాన్సర్ అని తేలింది. హార్మోన్ పాజిటివ్, అంటే హార్మోన్లతో పెరిగే రకం, హెర్‌టూ అనే ప్రోటీన్ మాత్రం నెగటివ్. ఆపరేషన్ అయింది. తర్వాత ఎర్ర మందు అంటారే, ఆ కీమో 21 రోజులకొకటి చొప్పున 4 సార్లు ఎక్కించారు. జుట్టు పోయింది, నోరంతా పూసింది, రెండుసార్లు తెల్ల కణాల కౌంట్ పడిపోతే ఇంజెక్షన్లు వేయించాం, అయినా ఎలాగో గట్టెక్కాం. ఇప్పుడు వారం వారం ఇచ్చే పాక్లిటాక్సెల్ నడుస్తోంది, 12లో 8 అయ్యాయి. ఇంకో నాలుగు వారాలే కదా అని క్యాలెండర్ మీద గీతలు పెట్టుకుంటున్నాం.

ఇంతలో దగ్గు పట్టుకుంది. మూడు వారాలైనా తగ్గలేదు. సీటీ తీస్తే ఛాతీ మధ్యలో, గాలిగొట్టం పక్కన బిళ్ళలు వాచి ఉన్నాయన్నారు. పెట్ స్కాన్ రాశారు, అందులో ఆ బిళ్ళలు వెలిగాయి, ఎంత వెలిగాయో చెప్పే అంకె, ఎస్‌యూవీ అంటారు, అది 6.8 అని ఉంది. పోయిన శుక్రవారం మత్తిచ్చి గొంతులోంచి గొట్టం దింపి సూదితో ముక్క తీశారు. ఆ రోజంతా ఉమ్మితే కొంచెం కొంచెం రక్తం పడింది, అది మామూలేనన్నారు. రిజల్ట్‌కి 7 నుంచి 10 రోజులు పడుతుందన్నారు. అప్పటిదాకా తొమ్మిదో డోసు ఆపేశారు. డోసు ఆపడంతోనే తనకి సగం ధైర్యం పోయింది.

అసలు విషయం ఇది. ఆసుపత్రిలో రిజిస్ట్రేషన్ నా నంబర్ మీద ఉంది కాబట్టి రిపోర్ట్ రాగానే లింకు నా ఫోన్‌కి వస్తుంది. మా అమ్మ, మా బావమరిది ఇద్దరూ ఒకే మాట మీదున్నారు. "ముందు నువ్వు చూడు. బాగుంటే చెప్పు, బాగోకపోతే ఇప్పుడే చెప్పొద్దు, తట్టుకోలేదు, పిల్ల ఇంటర్ పరీక్షలు కూడా అయిపోనీ" అంటున్నారు. తను వాళ్ళ సొంత మనిషే కదా, మంచి కోరే చెబుతున్నారు. నిజం చెప్పాలంటే నాకూ దాచేద్దామనే ఉంది. అది చదివాక నా మొహం ఎలా ఉంటుందో, తన ముందు నిలబడగలనో లేదో నాకే తెలియదు.

కానీ ఆదివారం ఒకటి జరిగింది. పొద్దున్నే తనే లేచి చారు పెడతానంది. పోపుల డబ్బా తీసి చిటికెడు ఆవాలు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఏమైందని అడిగితే, "ఆవాలు వేళ్ళకి తెలియట్లేదండీ, పట్టుకున్నానో లేదో కళ్ళతో చూసుకోవాల్సి వస్తోంది" అంది. నేను వెంటనే "ఏం కాదులే, కీమో అయిపోతే అదే తగ్గిపోతుంది" అన్నాను. తను ఇంకేం మాట్లాడలేదు. డబ్బా మూత పెట్టి, గరిటె నా చేతికిచ్చి, వెళ్ళి పడుకుంది. ఆ చారు నేనే పెట్టాను, తను తినలేదు.

తర్వాత ఆలోచిస్తే, ఈ ఎనిమిది నెలల్లో తను ఏం చెప్పబోయినా నేను "ఏం కాదు" అనే అన్నాను. ఇప్పుడు తను చెప్పడమే మానేసింది. నా ఫోన్ మోగితే చాలు, నా మొహం వైపు చూస్తుంది. కొరియర్ వాడైనా, లోను కావాలా అని అడిగేవాళ్ళైనా సరే. అది చూడలేక ఫోన్ బోర్లా పెట్టడం మొదలుపెట్టాను, దాంతో తనకి అనుమానం ఇంకా ఎక్కువైంది.

రిపోర్ట్ ముందు నేను చూడాలా, వద్దా? ఈ నాలుగైదు రోజులు ఇంట్లో తనతో ఎలా ఉండాలి? 6.8 అంటే క్యాన్సర్ పాకినట్టేనా? ఇలాంటిది దాటి వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.


స్లైడ్_బాక్స్
మంగళవారం, ఉదయం 6:15

అన్నా, నేను డాక్టర్‌ని కాదు, హిస్టోపాథాలజీ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని, 14 ఏళ్ళుగా ఇదే పని. మీ మూడో ప్రశ్నకి నాకు తెలిసినంతవరకు చెబుతాను.

పెట్ స్కాన్‌లో ఎక్కించేది ఒక రకం చక్కెర. ఏ కణాలు ఆ చక్కెరని ఎక్కువగా తీసుకుంటే అవి వెలుగుతాయి. క్యాన్సర్ కణాలు తీసుకుంటాయి, నిజమే. కానీ ఇన్ఫెక్షన్‌తో పోరాడుతున్న కణాలు కూడా తీసుకుంటాయి. మన దేశంలో టీబీ ఎంత ఎక్కువో మీకు తెలుసు, టీబీ బిళ్ళలు కూడా బాగా వెలుగుతాయి. సార్కాయిడ్ అని ఇంకో జబ్బుంది, అదీ అంతే. అందుకే 6.8 అనే అంకె చూసి ఇది ఫలానా అని ఎవరూ చెప్పలేరు. చెప్పగలిగితే మీ డాక్టర్లు గొట్టం వేసి ముక్క తీయించేవాళ్ళే కాదు కదా. ఆ అంకె గురించి రాత్రిపూట ఫోన్‌లో వెతకడం మాత్రం ఆపేయండి.

ఇన్ని రోజులు ఎందుకు పడుతుందని ఇళ్ళల్లో ఒకటే టెన్షన్ పడతారు, లేటవుతోందంటే చెడ్డదే అనుకుంటారు. అలా కాదు. ముక్క ఫార్మలిన్‌లో వేసి మా దగ్గరికి పంపుతారు. దానిలో నీరంతా తీసేసి మైనంలోకి ఎక్కించడానికి ఒక రాత్రి మెషీన్ నడుస్తుంది. మైనం గట్టిపడితే దాన్నే బ్లాక్ అంటాం. ఆ బ్లాక్‌ని 3, 4 మైక్రాన్ల మందంలో పొరలుగా కోసి, గోరువెచ్చని నీళ్ళ మీద తేల్చి, ముడత పడకుండా గాజు స్లైడ్ మీదకి ఎత్తుకోవాలి. తర్వాత రంగులు వేస్తాం, అప్పుడు డాక్టర్ చూస్తారు. చూశాక అనుమానం ఉంటే ఐహెచ్‌సీ రాస్తారు, అంటే ఈ కణాలు రొమ్ము నుంచి వచ్చినవేనా అని తేల్చే రంగులు. దానికి ఇంకో రెండు మూడు రోజులు. టీబీ కోసం జీన్‌ఎక్స్‌పర్ట్ అనే పరీక్షకి పంపి ఉంటే అది త్వరగానే వస్తుంది, కల్చర్ అయితే మాత్రం, అంటే క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్ష, 42 రోజుల దాకా ఉంచుతారు. కాబట్టి ఒక రిపోర్ట్ వచ్చి ఇంకోటి రాకపోతే కంగారు పడొద్దు.

ఇంకో మాట కూడా ముందే చెప్పి ఉంచాలి. సూదితో తీసేది చాలా చిన్న ముక్క. ఒక్కోసారి అందులో సరిపడా కణాలు ఉండవు, అప్పుడు మళ్ళీ తీయాలంటారు. అలా అంటే అది చెడు వార్త కాదు. అది విని కుంగిపోయిన వాళ్ళని చాలామందిని చూశాను, అందుకే చెబుతున్నాను.

రిపోర్ట్ ఎవరు చూడాలన్నది మాత్రం మీ ఇద్దరి విషయం. మా కౌంటర్ దగ్గర కవర్ అక్కడికక్కడే చించి, గోడకి ఆనుకుని ఒక్కరే చదువుకునేవాళ్ళని రోజూ చూస్తుంటాను. అందులో సగం మాటలు వాళ్ళకి అర్థం కావు. నాకు వెళ్ళి చెప్పాలని ఉంటుంది, కానీ ఆ హక్కు నాకు లేదు. ఒక్కరే చదవొద్దన్నా, అదొక్కటే నా మాట.


నాచారం_బాబాయి
మంగళవారం, ఉదయం 8:02

బొప్పాయి ఆకు రసం, తిప్పతీగ రసం రోజూ పరగడుపున ఇవ్వండి. మా చుట్టాలావిడకి కౌంట్ బాగా పెరిగింది. దేవుడి దయవల్ల అంతా మంచే జరుగుతుంది.


పద్మారావునగర్_అక్క
మంగళవారం, ఉదయం 11:30

బాబాయి గారూ, మీరు మంచి మనసుతోనే చెప్పారు, కానీ కీమోలో ఉన్న మనిషికి డాక్టర్‌ని అడక్కుండా ఏ పసరూ ఇవ్వకూడదండీ. తిప్పతీగ వాడి లివర్ దెబ్బతిన్నవాళ్ళు ఉన్నారు, లివర్ పాడైతే కీమోనే ఆపేయాల్సొస్తుంది. పచ్చి రసాలు కౌంట్ తక్కువున్నప్పుడు అసలే మంచివి కావు.

తమ్ముడూ, ఇప్పుడు నీకు. నేను నీ స్థానంలో లేను, మీ ఆవిడ స్థానంలో ఉన్నాను. 2019లో నాకు అండాశయం క్యాన్సర్. కాబట్టి కొంచెం గట్టిగానే రాస్తాను, ఏమనుకోకు.

నా రిపోర్ట్ మా ఆయనా, మా బావగారూ చూశారు. నాకు "చిన్న గడ్డ, తీసేస్తే సరిపోతుంది" అని చెప్పారు. ఆ తర్వాత మూడు వారాలు మా ఇంట్లో జరిగింది తల్చుకుంటే ఇప్పటికీ నాకు కడుపులో తిప్పుతుంది. ఎవరూ నాతో గట్టిగా మాట్లాడరు. నేను వంటింట్లోకి వెళితే హాల్లో మాటలు ఆగిపోతాయి. ఎన్నడూ రాని మా ఆడపడుచు నిజామాబాద్ నుంచి వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుంది. నా పెద్దకొడుకు, వాడికప్పుడు పదహారేళ్ళు, నన్ను చూస్తే చాలు కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయేవాడు. వాడికి చెప్పారు, నాకు చెప్పలేదు! నేనేం చేశానో తెలుసా, నాకు రోజులు దగ్గరపడ్డాయని నేనే అనుకున్నాను. అసలు జబ్బు మూడో స్టేజీ, వైద్యం ఉంది, డాక్టర్లు ధైర్యంగానే ఉన్నారు. కానీ ఎవరూ చెప్పకపోయేసరికి నేను నా మనసులో ఐదో స్టేజీ, ఆరో స్టేజీ దాకా వెళ్ళిపోయాను. చివరికి డే కేర్‌లో సిస్టర్ ఫైల్ చదువుతూ పైకి అంటే తెలిసింది. జబ్బు సంగతి తెలిసినందుకు ఏడవలేదు తమ్ముడూ. నా మొగుడికి, నా కొడుక్కి తెలిసి నాకు తెలియకపోవడానికి ఏడ్చాను.

మా ఆయన చెడ్డవాడు కాదు. ఆరు నెలలు నా తల దగ్గర బేసిన్ పట్టుకుని కూర్చున్న మనిషి. ఆ ఒక్క పని మాత్రం తప్పు చేశాడు, తర్వాత తనే ఒప్పుకున్నాడు.

తట్టుకోలేదు అంటున్నారే, తట్టుకుంటున్నది ఎవరు? గొంతులో గొట్టం దింపించుకున్నది ఎవరు? వాంతులు, జుట్టు, వేళ్ళ తిమ్మిరి, ఇవన్నీ ఎవరు పడుతున్నారు? ఒక కాగితం చదవడానికి పనికిరాదా?

అలాగని వెంటనే ఫోన్ తీసి చేతిలో పెట్టమని కూడా అనడం లేదు. కొంతమందికి అన్నీ తెలియాలి, కొంతమందికి వద్దు, డాక్టర్ నోటితో వింటే చాలు అంటారు. మీ ఆవిడ ఏ రకమో నాకు తెలియదు, నీకూ తెలియదు, మీ అమ్మగారికి అసలే తెలియదు. అందుకే అడుగు. రిపోర్ట్ రాకముందే అడుగు, వచ్చాక అడిగితే నీ గొంతే చెప్పేస్తుంది. "రిపోర్ట్ వస్తే నువ్వు చూస్తావా, ఇద్దరం చూద్దామా, డాక్టర్ దగ్గరే వింటావా" అని ఈ రాత్రే అడుగు. తను ఏదంటే అది.

ఆవాల సంగతి చదివితే నా గొంతు పట్టేసింది. తను నిన్ను మందు అడగలేదు. తన వేళ్ళు తనవి కాకుండా పోతున్నాయని చెప్పుకుంది. నువ్వు "అవునా, ఏదీ చూపించు" అని ఆ చెయ్యి పట్టుకుని ఉంటే సరిపోయేది. "ఏం కాదు" అన్న మాట వింటే మాకు ఎలా ఉంటుందంటే, ఇక ఈ సంగతి ఎత్తకు అని చెప్పినట్టుంటుంది. దానికి బదులు "నాకూ భయంగా ఉంది" అను. నీకు భయం వేస్తోందని తనకి ఎప్పుడో తెలుసు.

ఇంకొకటి, ఆ తిమ్మిరి సంగతి కీమో డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి, ఓర్చుకోవాల్సిన పని లేదు. ఎక్కువైతే డోసు తగ్గిస్తారు. వేడి గిన్నెలు, కత్తిపీట దగ్గర జాగ్రత్త, తెలియకుండా కాలుతుంది, తెగుతుంది.


మూసాపేట్_వాసి
మంగళవారం, మధ్యాహ్నం 2:20

అక్కా, ఆఫీసులో కూర్చుని చదివాను. రెండుసార్లు లేచి బయటికి వెళ్ళాల్సి వచ్చింది. మా పాపకి కూడా చెప్పాం, మా ఆవిడకి మాత్రం ఎస్‌యూవీ సంగతి చెప్పలేదు. మీ అబ్బాయి గురించి చదివాక అదే గుర్తొచ్చింది. ఈ రాత్రి అడుగుతాను. ఎలా మొదలుపెట్టాలో తెలియట్లేదు కానీ అడుగుతాను.

స్లైడ్_బాక్స్ గారూ, మైనం, నీళ్ళ మీద పొర తేల్చడం, ఇవన్నీ చదువుతుంటే మొదటిసారి కొంచెం ఊపిరాడింది. ఎక్కడో ఎవరో చేత్తో పని చేస్తున్నారన్నమాట. నేను ఇన్ని రోజులూ ఆ ముక్క ఏదో మూల పడి ఉందనుకుంటున్నాను.


మలక్‌పేట్_1974
మంగళవారం, రాత్రి 9:45

భయ్యా, నేను చెప్పేది మీరు వినాలనుకునేది కాకపోవచ్చు. అందరూ టీబీ అయి ఉంటుందిలే అంటారు, అయితే మంచిదే. కానీ రెండోది అయితే ఎలా అని మీరు రాత్రి 1:40కి లేచి కూర్చుంటున్నారు కదా, ఆ రెండోది అయిన ఇల్లు మాది.

మా ఆవిడది కూడా మీలాగే హార్మోన్ పాజిటివ్. వైద్యం అంతా అయిపోయింది, రెండేళ్ళు బాగానే ఉంది. 2021 ఆగస్టులో నడుము నొప్పి అంటే స్కాన్ తీశారు, వెన్నుపూసలో ఉందన్నారు. ముక్క పరీక్షకి పంపి తొమ్మిది రోజులు ఎదురుచూశాం. వచ్చింది. పాకింది.

ఆ రోజు నాకు ప్రపంచం ఆగిపోయింది. కానీ మరుసటి రోజు పొద్దున్న పాలు పొంగాయి, చిన్నోడికి స్కూలు బస్సు వచ్చింది. నాకు తెలియనిది ఏంటంటే ఈ రకం జబ్బు పాకినా కూడా ఏళ్ళ తరబడి అదుపులో ఉంచడానికి మందులున్నాయి. వెన్నుకి కొన్ని రోజులు రేడియేషన్ ఇచ్చారు, నొప్పి చాలావరకు పోయింది. ఎముకలకి ఒక ఇంజెక్షన్. రోజూ లెట్రోజోల్ మాత్ర, దాంతో పాటు పాల్బోసిక్లిబ్, అది 21 రోజులు వేసి 7 రోజులు ఆపాలి. మొదట్లో ఆ రెండో మందు ధర చూసి ప్లాటు అమ్ముదామనుకున్నాం. 2023 జనవరిలో పేటెంట్ అయిపోయి మన కంపెనీల మాత్రలు వచ్చాక ధర బాగా దిగింది. మేం రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రికి వెళుతుంటాం, మలక్‌పేట్ నుంచి లక్డీకాపూల్ దాకా మెట్రోలో ఒకే లైను. వెన్ను నొప్పి మనిషికి ఆటో కుదుపుల కన్నా అదే నయం. మూసాపేట్ కూడా అదే లైను మీద ఉంది కాబట్టి చెబుతున్నా. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే అందులో ఏమేం వస్తాయో అక్కడి ఆరోగ్యమిత్రని అడగండి, 2023 డిసెంబర్ నుంచి పరిమితి 10 లక్షలు చేశారు. ప్రైవేటులో చూపించుకుంటున్నా సరే, అడిగి ఉంచుకోవడం మంచిది.

ఇవాళ్టికీ మా ఆవిడ ఇంట్లో తిరుగుతోంది. నిన్న దోసకాయ పప్పు చేసింది. నయమైపోయిందని చెప్పను, అది అబద్ధం. మాకు ప్రతి మూడు నెలలకీ స్కాన్, ప్రతి స్కాన్‌కీ మీ ఇంట్లో ఇప్పుడున్న ఈ నాలుగైదు రోజులు. కాబట్టి ఎదురుచూడటంలో నాకు కొంచెం అనుభవం ఉందనే చెప్పాలి.

మేం చేసేది ఇది. బంధువులందరికీ నేను ఫోన్లు చేయను, ఎత్తను. మా తోడల్లుడు ఒక్కడికి చెబుతాను, అందరూ అతన్నే అడగాలి. లేకపోతే పొద్దుట్నుంచీ "రిపోర్ట్ వచ్చిందా, వచ్చిందా" అని పదిహేను మందికి చెప్పింది చెప్పలేక ప్రాణం పోతుంది, ఆ మాటలన్నీ పక్క గదిలో తనకి వినపడుతుంటాయి. ఇంకా, రాత్రి అన్నాలయ్యాక ఒక అరగంట దాని గురించే మాట్లాడుకుంటాం. ఏదొస్తే ఏం చేద్దాం, డాక్టర్‌ని ఏం అడగాలి, అన్నీ పిల్లల పాత నోట్‌బుక్కులో రాసుకుంటాం. చెడ్డ మాటలు కూడా. మొదట్లో నాకు అపశకునం అనిపించేది, మా ఆవిడే అంది, నోటితో అన్నంత మాత్రాన వస్తుందా, అనకపోతే ఆగుతుందా అని. ఆ అరగంట అయ్యాక పుస్తకం మూసేస్తాం.

రిపోర్ట్ మీద మీకు అనుమానం ఉంటే బ్లాకులు, స్లైడ్లు అడిగి తీసుకుని ఇంకో పెద్ద క్యాన్సర్ ఆసుపత్రిలో చూపించండి. ఇస్తారు. మేం అలా చేశాం, దానివల్ల మనసు కుదుటపడింది.

మీరు కూడా మనిషే భయ్యా. నాకు ఒక దశలో గుండె దడ, చేతులు వణకడం వచ్చింది, బండి నడపలేకపోయాను. 14416 కి చేశాను, టెలి మానస్ అని ప్రభుత్వానిది, పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు, రాత్రిపూట కూడా. ఆ 1:40కి గూగుల్ చేసే బదులు వాళ్ళకి చేయండి.


అల్వాల్_టీచర్
బుధవారం, ఉదయం 7:10

మా వారిది పెద్దపేగు క్యాన్సర్, కీమో మధ్యలో అచ్చం మీకు చెప్పినట్టే ఛాతీలో బిళ్ళలు వెలిగాయి. మాది టీబీ అని తేలింది. మీది కూడా అదే అవుతుందని చెప్పడానికి రాయడం లేదు, అలా అనే హక్కు ఎవరికీ లేదు. ఒకవేళ అయితే పనికొస్తుందని రాస్తున్నాను.

టీబీ అనగానే మేం పండగ చేసుకున్నంత పని చేశాం. పక్కింటావిడ నన్ను వింతగా చూసింది, టీబీ వస్తే సంతోషమేంటని. మందులు మామూలుగా ఆరు నెలలు, ప్రభుత్వ కేంద్రంలో ఉచితం. నిక్షయ్ పోషణ్ అని తిండి కోసం నెలకి 1,000 రూపాయలు ఖాతాలో వేస్తారు. టీబీ మందుల్లో రిఫాంపిసిన్ అనే మందు వేస్తే మూత్రం నారింజ రంగులో వస్తుంది, భయపడొద్దు. కానీ అది వేరే చాలా మందుల బలం తగ్గించేస్తుంది. మీ ఆవిడకి కీమో తర్వాత టామాక్సిఫెన్ అనే హార్మోన్ మాత్ర ఇచ్చే అవకాశం ఉంది కదా, దాని బలం కూడా తగ్గిస్తుంది. టీబీ డాక్టర్ వేరు, క్యాన్సర్ డాక్టర్ వేరు, ఇద్దరికీ మధ్య కబురు మోసేది మనమే. రెండు చీటీలూ ఇద్దరికీ చూపించండి. మా విషయంలో ఒక డాక్టర్‌కి రెండో చీటీ చూపించకపోవడం వల్ల మూడు వారాలు వృథా అయ్యాయి, ఆ తప్పు నాదే.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి. దగ్గు ఉంది, కీమోలో ఉంది. థర్మామీటర్ మంచం పక్కనే పెట్టుకోండి. 100.4 చూపిస్తే ముందు డోలో వేసి చూద్దాం, పొద్దున్న వెళదాం అనుకోవద్దు. అర్ధరాత్రయినా ఎమర్జెన్సీకి వెళ్ళి, కీమో పేషెంట్, జ్వరం అని మొదటి మాటగా చెప్పండి. రిపోర్ట్ ధ్యాసలో పడి ఇది మర్చిపోతారు.

డోసు ఒక వారం, రెండు వారాలు ఆగడం గురించి మీ ఆవిడ దిగులు పడుతోందన్నారు. మా వారికి కూడా ఆపారు. కౌంట్ తగ్గినప్పుడు కూడా ఆపుతూనే ఉంటారు కదా. ఆ దిగులు తననే డాక్టర్‌ని అడగనివ్వండి, మీరు సమాధానం చెబితే నమ్మదు.


మూసాపేట్_వాసి
గురువారం, రాత్రి 10:50

అందరికీ ఒకేసారి రాస్తున్నాను.

మంగళవారం రాత్రి పిల్లలు పడుకున్నాక అడిగాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక, ముందు తన చెయ్యి పట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటే నొక్కుతూ ఇక్కడ తెలుస్తోందా, ఇక్కడ తెలుస్తోందా అని అడిగాను. చిటికెన వేలు, బొటనవేలు నయం, మధ్య మూడూ అసలు తెలియట్లేదట. ఎనిమిది నెలలుగా పక్కనే ఉండి నాకు ఈ సంగతి తెలియదు. అప్పుడు "నాకు భయంగా ఉంది" అన్నాను. తను "తెలుసు. బాత్‌రూంలో నల్లా తిప్పి పెట్టుకుని అంతసేపు కూర్చుంటే నాకు వినపడదా" అంది.

రిపోర్ట్ సంగతి అడిగితే అర నిమిషం కూడా ఆలోచించలేదు. "డాక్టరమ్మ ముందే తెరుద్దాం. ఫోన్‌లో చదివితే నాకు సగం అర్థం కాదు, మిగతా సగం నిద్ర పోనివ్వదు. కానీ మీరు కూడా ముందు తెరవొద్దు" అంది. ఒట్టేయించుకుంది. అమ్మకి, వాళ్ళ అన్నయ్యకి నిన్న తనే ఫోన్ చేసి చెప్పింది, నా మొగుణ్ణి దాచమని చెప్పకండి అని. అమ్మ కొంచెం నొచ్చుకుంది. పాపతో కూడా తనే మాట్లాడుతుందట, పరీక్ష మధ్యలో రెండు రోజులు సెలవుంది, అప్పుడు.

మలక్‌పేట్ అన్నా, మీ నోట్‌బుక్కు మాట చెప్పాను. తను వెంటనే పాప రఫ్ నోట్సు తెచ్చింది. డాక్టర్‌ని అడగాల్సినవి ఐదారు రాశాక, "ఇవి కూడా రాసుకోండి" అని చిట్టీ ఎప్పుడు పాడాలి, మా అత్తగారి దగ్గర ఉంచిన గాజులెన్ని, పాప గొలుసు తాకట్టు రసీదు ఏ చీరల మధ్య ఉంది, అన్నీ చెప్పడం మొదలుపెట్టింది. ఇంతకుముందు రెండుసార్లు ఇవే చెప్పబోతే నేను కోప్పడి ఆపేశాను. ఈసారి రాసుకున్నాను. గంట పట్టింది. రాస్తుంటే నా చెయ్యి వణికింది, తను చూసింది, ఏం అనలేదు. అదంతా అయ్యాక దగ్గు మందు వేసుకుని పడుకుంది, పొద్దున ఏడింటిదాకా లేవలేదు. అంత నిద్ర నేను ఈ మధ్య చూడలేదు.

నేను కూడా 14416 కి ఫోన్ చేశాను. ఎక్కువసేపు ఏడ్చానే తప్ప మాట్లాడింది తక్కువ. వాళ్ళు విన్నారు.

ఇవాళ సాయంత్రం 6:30కి మెసేజ్ వచ్చింది. టీవీ ముందు ఇద్దరం కూర్చుని ఉన్నాం, ఫోన్ బల్ల మీద వెల్లకిలా ఉంది, తనకీ కనపడింది. "వచ్చిందా?" అంది. వచ్చింది అన్నాను. లింకు నొక్కలేదు. చెయ్యి ఊరుకోవట్లేదు, అందుకే ఫోన్ పాప గదిలో పెట్టేసి ల్యాప్‌టాప్‌లో రాస్తున్నాను.

రేపు 11 గంటలకి టోకెన్ దొరికింది. "పదింటికల్లా బయల్దేరదాం, అక్కడ ఎంత లేటవుతుందో, చపాతీలు చేసుకుపోదాం" అంది. పిండి కలపమని ఇప్పుడే పిలుస్తోంది, తన వేళ్ళకి మెత్తదనం తెలియట్లేదట, పక్కన నిలబడి నీళ్ళు తను పోస్తుందట. వెళ్ళొస్తాను.